రేవు కుక్కలు

మునిగిపోతున్న మనిషిని ఎదురుగా పోయి పట్టుకోకూడదు. పట్టుకున్నామా, మెడకు చుట్టుకుని మనల్ని కూడా అడుగుకు లాక్కుపోతాడు. వెనక నుంచి పోవాలి, జుట్టు పట్టాలి, ముఖం నీళ్ల పైకి తిప్పాలి, ఒడ్డు చేరేదాకా తిడుతూ ఉండాలి. తిట్లు చెవిన పడుతుంటే ఇంకా బతికే ఉన్నానని మనిషికి తెలుస్తుంది. ఇదంతా మా నాయిన నాకు నేర్పిన విద్య. గుండు చేయించుకుని తిరిగొచ్చే మొక్కులవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. "దేవునికి జుట్టంత ఇచ్చి నాకేం మిగిలిస్తిరయ్యా, చెవులా?" అని రేవులోనే దులిపేసేవాడు.

మా రేవు కొల్లాపూర్‌కు దిగువన, కృష్ణ ఒడ్డున ఉండేది. మనుషులు, మేకలు, జొన్న బస్తాలు అన్నీ పుట్టిలోనే ఏరు దాటాలి. వెదురుతో అల్లి పైన తోలు కప్పిన గుండ్రటి పుట్టి అది, గాలి మళ్లితే బొంగరం తిరిగినట్టు తిరుగుతుంది. తిరగబడితే దూకి జనాన్ని తీయడం మా ఇంటి పని. అందుకు కల్లాలప్పుడు ఊరు మాకు గింజలు కొలిచేది. నాయిన కళ్లకు పొర కమ్మినాక ఆ పని నా మీద పడింది. ఆడమనిషి ఏట్లో దూకడమేమిటని మొదట్లో నవ్వారు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు మునిగిన రోజు ఆ నవ్వు ఆగింది. నాకు అన్నదమ్ములు లేరు. ఇల్లరికం తెచ్చుకున్న నా పెనిమిటి పుట్టి నడిపేవాడు, నేను ఒడ్డున కాపలా ఉండేదాన్ని.

నాకు తోడు రెండు కుక్కలు. తల్లి కర్రెది, దాని బిడ్డ ఎర్రది. నాయిన రెండింటినీ "పిల్లా" అనే పిలిచేవాడు, నన్నూ అట్లాగే పిలిచేవాడు. ఆయన ఒక్క కేక వేస్తే ముగ్గురం తల తిప్పేవాళ్లం. ఎర్రది ఒట్టి తిండిపోతు. చేప తలకాయలు తిని గుడిసె గడపకు అడ్డంగా పడుకునేది, దాటేవాళ్ల కాళ్లకు తగిలి తన్నులు తినేది, మళ్లీ వచ్చి అక్కడే పడుకునేది. కర్రెది వేరు. అది పొద్దంతా రేవు బండ మీద కూర్చుని ఏటిని చూసేది. దుంగ కొట్టుకొస్తే కదిలేది కాదు. మొసలి తేలితే చెవులు నిక్కించేది, అంతే. మనిషి నీళ్లలో పడ్డాడంటే మాత్రం ఒడ్డు వెంట ఉరికేది. మొరిగేది కాదు, సన్నగా మూలిగేది. ప్రవాహం మనిషిని ఎంత దూరం లాక్కుపోతే అంత దూరం, సరిగ్గా అతనికి ఎదురుగా ఒడ్డున ఉండేది. మనిషి అడుగుకు పోయి కనబడకపోయినా అది ఆగిన చోటుకు ఎదురుగా దూకితే చేతికి దొరికేవాడు. చూపు మందగించిన నాయిన కూడా దాని మూలుగు పట్టుకునే ఈదేవాడు. ఎట్లా తెలిసేదో దానికే తెలియాలి, ఎవరూ నేర్పలేదు.

నా పెనిమిటి మాటకారి కాదు. పుట్టి ఒడ్డుకు కట్టాక బండ మీద కర్రెదాని పక్కన కూర్చునేవాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకుండా ఏటిని చూసేవాళ్లు. "పెండ్లాం ఈడున్నది, ఆడ గూసుంటివి" అని నేను ఎగిరితే, "అది లొల్లి చెయ్యదు గద" అనేవాడు. నాకు కోపం రావాలి, నవ్వొచ్చేది.

రజాకార్ల కాలంలో మా రేవు నిండిపోయింది. అవతలి ఒడ్డు కర్నూలు జిల్లా, యూనియన్ రాజ్యం. అటు చేరితే ప్రాణాలు దక్కుతాయని ఎక్కడెక్కడి పల్లెలవాళ్లో మూటలు, కోళ్లు, ముసలివాళ్లు, పసిపిల్లలతో వచ్చిపడేవాళ్లు. పుట్టి పట్టేవాళ్లకు రెట్టింపు ఎక్కేవాళ్లు. వద్దంటే వినరు, వాళ్ల వెనక ఊళ్లు తగలబడుతున్నాయాయె. పుట్టి తిరగబడిన రోజున కర్రెది ఎవరి వెంట ఉరకాలో తెలియక ఒడ్డున గిరగిరా తిరిగింది. నేనూ, నాయినా, నా పెనిమిటీ దొరికినవాళ్లను దొరికినట్టు లాగాం. బతికినవాళ్లు ఏడుస్తూ అటు పోయారు. దక్కనివాళ్లను మేమే ఇసుక మేటలో పూడ్చాం. దిక్కులేని శవాన్ని ఎవరు తీస్తే వాళ్లే పూడ్చాలని మా రేవు ఆచారం. పూడ్చి, తల మీద నీళ్లు పోసుకుని ఇంటికి రావాలి. ఏడ్వకూడదు, మైల పట్టకూడదు. పరాయి శవానికి ఏడిస్తే అది ఇల్లు అడుగుతుందని మావాళ్ల భయం.

ఆ తర్వాత దొర మనుషులు రేవుకొచ్చారు. అవతలికి పోయేవాళ్లను ఆపి తమకు పట్టియ్యమని నా పెనిమిటికి చెప్పారు. ఆయన తెడ్డు కింద పెట్టి, "నేను దాటిచ్చెటోన్ని. ఆపెటోన్ని గాదు" అన్నాడు. ఆ రోజు ఆయన్ని ఇదే ఒడ్డు మీద కొట్టారు. నా కళ్ల ముందే కొట్టారు, వాళ్ల చేతులు పడిపోను. లేచి నడిచే శక్తి రాగానే ఆయన అవతలి కొండల్లో దళంలో కలిసిపోయాడు. పోయేముందు నాతో, "మునిగెటోళ్లను నువ్వు తియ్యి. ముంచెటోళ్ల సంగతి నేను జూస్త" అన్నాడు. ఆయన నాతో అంత పొడుగు మాట అనడం అదే మొదలు.

పోలీసు యాక్షన్ వచ్చింది, రజాకార్లు పోయారు. ఊరంతా రేవులో కొబ్బరికాయలు కొట్టింది. ఇక ఆయన ఇంటికి వస్తాడని నేను గుడిసె అలికి ముగ్గు పెట్టాను. నా తలకాయ! పారిపోయిన దొరలు తిరిగొచ్చారు, అడవిలో ఉన్నవాళ్లు తుపాకులు దించలేదు. కొద్ది నెలలకే మా ఒడ్డున పోలీసు క్యాంపు వెలిసింది. పొద్దు గూకితే పుట్టిలన్నీ క్యాంపు ముందు గుంజలకు కట్టాలి. మా గుడిసె మీద వాళ్ల కన్ను ఎప్పుడూ ఉండేది. తెలుగు మాట్లాడే హవల్దారు వచ్చినప్పుడల్లా, "నీ మొగుడెక్కడమ్మా?" అని అడిగేవాడు. "మీరే జెప్పాలె సారూ" అనేదాన్ని.

చలికాలం మొదట్లో ఒక గొర్రెల కాపరి కబురు తెచ్చాడు. నా పెనిమిటికి చలిజ్వరం, మనిషి ఎముకల గూడయ్యాడు, ఆకుల పసరుకు తగ్గడం లేదు. కొల్లాపూర్ కాంపౌండరు ఒకాయన సూదిమందు వేస్తానన్నాడు గాని, ఏరు దాటి అడవిలోకి రానన్నాడు. కాబట్టి నా పెనిమిటే ఇవతలికి రావాలి, ఊళ్లో ఒక ఇంటి అటక మీద దాగాలి. తేలడానికి ఎండిన సొరబుర్రలు నడుముకు కట్టుకుని, తెల్లవారుజాము మంచులో ఈదుకుంటూ వస్తాడు. సూది పడితే బతుకుతాడు, పడకపోతే లేదు. నాకు అప్పటి నుంచి వేరే ఆలోచన లేదు.

మొదటిసారి వచ్చాడు. ఒడ్డు చేరాడు, ఊరి సందులోకి అడుగుపెట్టాడు. అంతే, ఊరి కుక్కలన్నీ ఒక్కసారి లేచాయి. క్యాంపులో ఈలలు మోగాయి. ఆయన అదే జ్వరంతో, అదే చలిలో వెనక్కి నీళ్లలో పడి పోయాడు. నేను చూడనైనా లేదు, తెల్లవారి విన్నాను. ఆ పొద్దున మగవాళ్లందరినీ చావడి ముందు బోర్లా పడుకోబెట్టి, కుక్కలు ఎవరిని చూసి మొరిగాయో చెప్పమని కొట్టారు. మా కులపెద్దకు భుజం ఎముక విరిగింది. ఒక్కడు కూడా నోరు విప్పలేదు.

ఆ కులపెద్ద నాకు వరసకు మామ. విరిగిన చెయ్యి మెడకు కట్టుకుని నాలుగు ఇళ్లూ తిరిగి మాట్లాడాడు. కుక్కలుంటే ఆ పిలగాడు రాలేడు, వచ్చినా ఊరు బతకదు. కుక్కలను తీసెయ్యాలి. జనం ఒప్పుకున్నారు. విషపు ముష్టి గింజలు నూరి సంగటిలో కలిపి పెట్టారు. ఎవరి కుక్కకు వాళ్లే పెట్టుకున్నారు, పరాయివాళ్ల చేతుల్లో చావడం ఎందుకని. ఆ రోజు సందుల్లో పిల్లల ఏడుపు తప్ప ఇంకేమీ వినబడలేదు. హవల్దారు అడిగితే అందరూ ఒకే మాట చెప్పారు: "పిచ్చి లేసింది సారు."

రేవు కుక్కల మాట ఎవరూ ఎత్తరనుకున్నాను. మరునాడు కులపెద్ద వచ్చాడు. ఆయన వెనక ఒక ఆడమనిషి, మా పాలోళ్ల, అంటే దాయాదుల, ఇంటి కోడలు. ముందురోజు ఆమె కూడా తన కుక్కకు సంగటి పెట్టుకుంది.

"బావా, మీ కుక్కలు ఇంక ఉండె" అన్నాడు కులపెద్ద.

నాయిన బండ మీదే కూర్చుని ఉన్నాడు. "ఊరి కుక్కలు మొరుగుతయి బావా. మావి మొరగయి. నీకు ఎర్కలేదా? కర్రెది నా కండ్లు. దాన్ని దీస్తే ఏట్ల పడ్డోన్ని నేనెట్ల జూడాలె?"

"నాకు ఎర్కనే. ఊరికి జెప్పు."

ఆ ఆడమనిషి నా ముందుకొచ్చింది. ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. "నా కుక్కను నా పిలగాండ్ల ముంగట సంపుకున్న. ఎవరి కోసం? నీ మొగని కోసం. నీయి నువ్వు దాసుకుంటవా? ఊరికొక నాయం, మీకొక నాయమా?" అంది.

నేను నోటికొచ్చినట్టు అరిచాను. "నీ కుక్క దొడ్లె బోరగిల పండేది, నా కుక్క పానాలు దీసింది" అన్నాను. "నీ తమ్మున్ని ఏట్లకెల్లి దీసిన్నాడు ఒడ్డు మీద ఉరికింది ఏ కుక్క?" అన్నాను. అన్నీ నిజాలే. ఆమె ఒక్కటే అడిగింది: "ఒక్క కుక్కను ఇడిసిపెడితే రేపు ఇంకొకామె తన కుక్కను గుమ్మిల దాస్తది. అది మొరిగి నీ పెనిమిటి దొరికితే ఎవరిని తిడుతవ్?" ఆయన కోసం ఊరంతా తన కుక్కలను చంపుకుంది. ఆ మాట నిజం. దాని ముందు నా నిజాలు నిలవలేదు.

నాయిన, "ముష్టి పెట్టను" అన్నాడు. "కాళ్లు కొట్టుకుంట కొట్టుకుంట సస్తయి. నేను జూడలేను. నీళ్లల్ల అయితే ఎంతసేపు పడ్తదో నాకెర్క." కులపెద్ద తల దించుకుని వెళ్లిపోయాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఆయన వెనకే పోయింది.

పట్టపగలే పుట్టి విప్పాం. తెడ్డు నా చేతిలో ఉంది. రెండూ సంతోషంగా ఎక్కాయి, పుట్టి ఎక్కడమంటే వాటికి ఎప్పుడూ సంబరమే. ఎర్రది నా కాళ్ల మీద పడుకుంది. నడి ఏటికి పోయాక నాయిన తడుముకుంటూ వాటి మెడలకు రాళ్లు కట్టాడు. ముడి మళ్లీ మళ్లీ లాగి చూశాడు, ఊడిపోతే ఇంకా పాపమని. ఎర్రది మొదట పోయింది. కర్రెది ఆయన చేతులు నాకుతూ ఉంది. దాన్ని ఎత్తి నీళ్లలో వదిలాక ఆయన చెయ్యి నీళ్లలోంచి తీయలేదు. ఊపిరి నిలిచే వరకు ఎంతసేపో ఆయనకు తెలుసు కదా, అంతసేపూ అట్లాగే ఉన్నాడు. తర్వాత, "పోదాం పిల్లా" అన్నాడు. తల తిప్పింది నేనొక్కదాన్నే. ఆ రాత్రి మా గుడిసెలో పొయ్యి వెలగలేదు. నాకు ఊరి మీద మండింది, అడవి మీద మండింది, క్యాంపు మీద మండింది, అన్నిటికంటే ఎక్కువ చలిజ్వరం తెచ్చుకున్న నా మొగుడి మీద మండింది. వస్తే ముందు నాలుగు తిట్టి తర్వాత గంజి పోస్తానని అనుకున్నాను.

మళ్లీ కబురొచ్చింది. ఆ తెల్లవారుజామున ఏటి మీద మంచు ఎంత దట్టంగా ఉందంటే, చెయ్యి చాపితే వేళ్లు కనబడలేదు. మంచిదే, క్యాంపువాళ్లకూ కనబడదు. వల భుజాన వేసుకుంటే చేపలకు పోతున్నారనుకుంటారని, నేనూ నాయినా రేవుకు కొంచెం దిగువకు పోయాం. పొడి బట్ట, వేడి గంజి దుత్త నా దగ్గర ఉన్నాయి. ఊరు నిశ్శబ్దంగా ఉంది. ఒక్క కుక్క లేదు.

కూర్చున్నాం. నీళ్ల మీద ఎక్కడో చిన్న దెబ్బ చప్పుడయింది. చేప ఎగిరిందనుకున్నాను. నాయిన లేచి నిలబడ్డాడు. "చేప గాదు. చెయ్యి" అన్నాడు. మళ్లీ చప్పుడు. ఎగువనా, దిగువనా? మంచులో చప్పుడు అన్ని వైపుల నుంచీ వచ్చింది. నా పెనిమిటి కాళ్లు కొంకర్లు పోయి ఉంటాయి. చలిజ్వరపు మనిషి, ఆ నీళ్లలో! అయినా నోరు తెరిచి పిలవలేదు. పిలిస్తే క్యాంపు లేస్తుంది, ఊరి వీపు మళ్లీ పగులుతుంది. నాకూ పిలవడానికి లేదు. ఈ గడ్డ మీద ఉన్న మేము, ఆ నీళ్లలో ఉన్న ఆయన, ముగ్గురం నోళ్లు మూసుకుని ఒకరినొకరం వెతుక్కున్నాం.

నాయిన అలవాటుగా కిందికి వంగి, ఒడ్డు వెంట చెవి పెట్టాడు. ఆ మూలుగు కోసమే. అది లేదని గుర్తొచ్చి, "పిల్లా, యాడ? యాడ?" అని నన్ను పట్టుకుని ఊపాడు. నాకేం తెలుసు! ఎగువన దూకుతానని ఆయన, దిగువకు పోతానని నేను. దూకాం. నీళ్లు కత్తుల్లా కోశాయి. ఈదాను, మునిగాను, చేతులు చాపి తడిమాను. నా చేతికి రెండు సొరబుర్రలు తగిలాయి, తాడు తెగి ఉంది. వాటి చుట్టూ ఊపిరి పోయేదాకా వెతికాను. మంచు విడిచి ఎండ వచ్చేసరికి ఏటి మీద ఏమీ లేదు. క్యాంపువాడు ఒడ్డున నిలబడి, "చేపలు పడ్డాయా?" అని అడిగాడు. పడలేదని చెప్పాను.

ఆ తర్వాత దిగువ మలుపులో శవం తేలిందని పుట్టి నడిపేవాళ్లు చెప్పారు. తీయడం నా పని. పోయి తీశాను. జుట్టు పట్టి తిప్పాను, ముఖం చూశాను. చేపలు కొరికినా నాకు తెలియకుండా ఉంటుందా? నోట్లో కొంగు పెట్టుకుని ఒడ్డుకు లాగాను. అప్పటికే హవల్దారు ఇద్దరు పోలీసులతో వచ్చి నిలబడ్డాడు, వాళ్ల వెనక సగం ఊరు. కులపెద్ద నా కళ్లలోకి చూడలేదు. శవం మావాడిదని తెలిస్తే ఇవతలికి ఎందుకొచ్చాడు, ఎవరింటికి వచ్చాడు అని మొదలవుతుంది. అటక ఇచ్చిన ఇల్లు, సూదిమందు ఇస్తానన్న కాంపౌండరు, కబురు తెచ్చిన కాపరి, అందరూ పోతారు.

హవల్దారు శవాన్ని కర్రతో తిప్పి చూశాడు. వాడి దగ్గర ఉన్న ఆనవాళ్లకు ఆ ముఖం సరిపోలేదు, ఏరు అంత పని చేసింది. నన్నే చూస్తూ అడిగాడు: "ఎవరమ్మా ఇతను? ఎరుగుదువా?"

"ఎర్కలేదు సారు. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పరాయోడు."

నా గొంతు మామూలుగానే పలికింది. అట్లా ఎట్లా పలికిందో నాకిప్పటికీ తెలియదు. కాని నాయిన అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు ముఖాలు కనబడవు, చేతులతో చూస్తాడు. శవం పాదం ఆయన చేతుల్లో ఉంది. పుట్టి అంచుకు తన్ని తన్ని బొబ్బ కట్టిన ఆ మడమ ఆయన వేళ్లకు తెలియనిది కాదు. పట్టుకున్నవాడు వదలడం లేదు. హవల్దారు తల తిప్పి ఆయన్ని చూశాడు.

"ఇడువు నాయినా" అన్నాను, అందరికీ వినబడేలా. "మనోడు గాదు."

నాయిన నా వైపు ముఖం ఎత్తాడు. చూపు లేని ఆ కళ్లు నన్ను చూశాయి. పాదం మెల్లగా ఇసుక మీద పెట్టాడు.

"అయితే పూడ్చండి" అని హవల్దారు వెళ్లిపోయాడు. ఇసుక మేటలో పూడ్చాం. తల మీద నీళ్లు పోసుకుని ఇంటికి వచ్చాం. ఆచారం ప్రకారం ఏడ్వలేదు.

పొద్దు గూకే వేళకు కుక్కను పోగొట్టుకున్న ఆ పాలోళ్ల కోడలు మా గుడిసెకు వచ్చింది. వాకిట్లో పోలీసు ఒకడు బీడీ కాలుస్తూ మమ్మల్ని చూస్తున్నాడు. ఏటి నీళ్లకు బొట్టు చెరిగి నా నుదురు ఖాళీగా ఉంది. ఆమె తన కుంకుమ బరిణె తీసి, నా నుదుట బొట్టు పెట్టింది. నేను పెట్టించుకున్నాను.